భ గణం

రాజమండ్రి నుంచి పాత పేపర్లో చుట్టి తెచ్చాను,
రెండు చేతులు మారిన గ్రాఫిక్స్ కార్డు.
గ్యారంటీ కార్డు లేదు. కొట్టువాడు ఇచ్చిందల్లా ఒక మాట:
"ఆయ్, పని చేస్తదండీ, బాగానే చేస్తది."

మొగల్తూరులో, ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా
మేడమీద గది నా మిక్సింగ్ యూనిట్.
కంప్యూటర్‌కి పదమూడేళ్ళు.
జీలకర్ర బెల్లం పెట్టిన చెయ్యి
పెళ్ళికూతురి నెత్తిమీంచి దిగడానికి
ఆరు నిమిషాలు పడుతోంది.
తలంబ్రాలు గాల్లోనే ఆగి
పడాలా వద్దా అని ఆలోచించుకుంటున్నాయి.

డబ్బా విప్పాను.
సముద్రం ఇక్కణ్ణించి కనపడదు,
అయినా ప్రతి మర తలమీదా దాని తుప్పు ముద్ర.
ఫ్యాను కింద బూజు, బల్లిగుడ్డు పెంకు,
ఏ పెళ్ళి నుంచి నా చొక్కా మడతలో వచ్చిందో
ఒక బియ్యపు గింజ. పసుపింకా వదల్లేదు.

కార్డు జానెడున్నర. జాగా జానెడు.
హార్డు డిస్కు గూడుని రంపంతో కోసి,
గుండె దిటవు చేసుకుని మీట నొక్కాను.

కూయ్... కుయ్, కుయ్.
తెర నల్లగా.
మళ్ళీ. కూయ్... కుయ్, కుయ్.

తొమ్మిదో తరగతిలో సోమిదేవమ్మ గారు
బల్లమీద బెత్తంతో కొట్టి నేర్పింది ఇదే.
గురువు, లఘువు, లఘువు. భ గణం.
ఉత్పలమాల ఎత్తుకునే చోటు.
నా డబ్బా పద్యం ఎత్తుకుంటోంది,
మొదటి గణం దగ్గరే మర్చిపోయి
దిక్కులు చూస్తోంది,
అచ్చం ఆనాడు నాలాగే.

ర్యాము ఊడదీసి పెన్సిలు రబ్బరుతో రుద్దాను.
కార్డు తీశాను, ఊదాను, పెట్టాను. అదే గణం.
బొత్తాం బ్యాటరీ పీకి, కార్డు పక్కన పడేసి చూస్తే
తెర వచ్చింది, తేదీతో సహా:
జనవరి ఒకటి, రెండువేల పదకొండు.
ఆ రోజుకి ఈ పెళ్ళికూతురు ఆరో తరగతి.

యేసుపాదం ఏరియేటర్ మోటార్లకి రాగితీగ చుట్టే మనిషి.
"నాకియ్యన్నీ తెలవ్వండీ" అంటూనే మెట్లెక్కి వచ్చాడు.
కార్డు చివర ఖాళీగా ఉన్న ఆరు పిన్నుల గుంటని
చిటికెనవేలితో తడిమి,
"దీనికి నోరుందండీ. కూడెవరు పెడతన్నారు?"

నేను మాట్లాడలేదు.
రెండు రాత్రులు దాన్ని పస్తుంచి
పాడలేదని తిడుతున్నాను.

ఐసు ఫ్యాక్టరీ మూల పడేసిన బిల్లింగు కంప్యూటర్లోంచి
పెద్ద పవర్ సప్లై విప్పుకొచ్చాం,
చేప వాసనతో సహా.

కుయ్.

ఒక్కటే. ఒకే ఒక్క లఘువు.
గాల్లో ఉన్న తలంబ్రాలు
ఒక్కసారిగా కురిశాయి.

ఇక్కడితో ఆపితే బాగుండేది.

రాత్రి పదింటికి చెరువుల్లో ఏరియేటర్లు లేచాయి.
ట్యూబులైటు కళ్ళార్పింది. డబ్బా చచ్చింది.
మీటర్లో నూట అరవై ఎనిమిది.
కిటికీలోంచి, చీకట్లో నీళ్ళు చిలికే తెల్లనురగ చూపించి
యేసుపాదం అన్నాడు:
"రొయ్యకి ఊపిరాడకపోతే తెల్లారేసరికి తేలిపోద్దండీ.
మీ పెళ్ళికూతురు ఆగుద్ది."

అప్పుడే ఫోను. పెళ్ళికూతురి తండ్రి.
"ఏవయ్యా, నెలయ్యింది, వీడియో ఏదీ?"
ఆయన గొంతు వెనకాల
బుడబుడమంటూ ఆయన చెరువుల చక్రాలు.
మీ దగ్గరే ఉందండీ నా కరెంటు, అనబోయి
"రేపు మధ్యాహ్నమండి" అన్నాను.

ఇప్పుడు రెండున్నర.
చెరువులు ఎండలో నిద్రపోతున్నాయి.
అరవైమూడు శాతం.
టేబులు ఫ్యాను డబ్బా వైపు తిప్పి
నేను చెమటలో కూర్చున్నాను.
మూత ఇంకా బిగించలేదు.